ఈసుకుపోయిన దూడను పారెయ్యకండి

గేదె ఎందుకు ఈసుకుపోయిందో చెప్పగలిగేవి ఆ దూడ, ఆ మాయ. పాతిపెట్టకముందే డాక్టరుకు కబురు చెయ్యండి.

పొద్దున్నే పాలు తీద్దామని పాకలోకి వెళతారు. ఆరో నెల చూడితో ఉన్న గేదె వెనకాల, తడిసిన గడ్డిలో, ఒంటి మీద వెంట్రుకలైనా సరిగ్గా రాని దూడ చచ్చి పడి ఉంటుంది. గేదె మాత్రం మామూలుగానే నెమరేస్తూ ఉంటుంది. దెబ్బ తగల్లేదు. రాత్రి కుడితి కూడా బాగానే తాగింది. మరి ఎందుకు ఈసుకుపోయింది?

ఈ ప్రశ్న పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. జవాబు దొరికే ఇళ్లు మాత్రం బహు తక్కువ. ఎందుకంటే ఆ దూడను గోనెసంచిలో చుట్టి కాలవలో వదిలేస్తాం. మాయ పడితే కుక్కలు ఈడ్చుకుపోతాయి. పాకంతా కడిగి, గేదెకు దిష్టి తీసి, మళ్లీ ఎప్పుడు ఎదకొస్తుందా అని ఎదురు చూస్తాం.

మా ఇంట్లోనూ అదే చేశాం. నేను ఇంటర్మీడియట్ పాసై ఇంటి దగ్గర ఉన్న రోజుల సంగతి ఇది. మాకు రెండు ముర్రా గేదెలుండేవి. ఒకటి ఆరో నెలలో ఈసుకుపోయింది. మా నాన్న ఆ దూడను మురుగు కాలవలో పడేసి వచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే రెండోదీ ఈసుకుపోయింది. "ఇంటికి ఏదో పట్టింది" అంది మా నాయనమ్మ. మొదటి గేదెను సంతకు తోలి, "మూడో ఈత, ఏ లోపమూ లేదు" అని చెప్పి అమ్మేశాం. కొన్నాయన మాలాంటి రైతే. ఆయన పాకలో ఏం జరిగిందో మాకు తెలియదు. మా గేదెలకు వచ్చిన జబ్బేమిటో ఇవాళ్టికీ తెలియదు. తెలుసుకునే వీలు ఉండేది. దాన్ని కాలవలో వదిలేశాం.

రెండు మూడు పశువులతో కాపురం లాక్కొచ్చే రైతుకు ఒక ఈత పోవడమంటే ఒక ఏడాది పాల డబ్బు పోవడం. గేదె పది నెలలు మోసి ఈనాలి. ఆరు నెలల మేత, దాణా ఖర్చు అప్పటికే పెట్టేసి ఉంటారు. అందుకే ఈ వారం ఈ విషయం కాస్త వివరంగా చెప్పుకుందాం.

అన్నీ ఒకేలా కనిపిస్తాయి

చూడి పశువు ఈసుకుపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. పొడుచుకోవడం, జారిపడటం, ఎండదెబ్బ, బూజు పట్టిన మేత, పోషకాల లోపం వంటివి కొన్ని. బ్రూసెల్లోసిస్, లెప్టోస్పైరోసిస్ వంటి సూక్ష్మజీవుల జబ్బులు కొన్ని. వీటితోపాటు మనవాళ్లు అంతగా పేరు వినని వైరస్ జబ్బు ఇంకొకటి ఉంది. దాని పొడుగాటి పేరు ఇన్‌ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్. డాక్టర్లు పొట్టిగా ఐ.బి.ఆర్. అంటారు.

పాకలో నిలబడి చూస్తే వీటిలో ఏది వచ్చిందో ఎంత అనుభవమున్న రైతూ చెప్పలేడు. డాక్టరు కూడా చూపుతోనే తేల్చలేడు. బ్రూసెల్లాలో ఏడో నెల దాటాక ఎక్కువగా ఈసుకుపోతాయి, మాయ సరిగ్గా పడదు. ఐ.బి.ఆర్.లో నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల దాకా ఎప్పుడైనా పోవచ్చు, మాయ ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి నిలిచిపోతుంది. ఇవి గుర్తులే గానీ రుజువులు కావు. రుజువు దూడ అవయవాల్లోనూ, మాయలోనూ ఉంటుంది.

సర్పి చుట్టం

ఐ.బి.ఆర్. తెచ్చే వైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందింది. ఆ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. చిన్నపిల్లలకు ఆటలమ్మ పోస్తుంది కదా, అది హెర్పిస్ జాతి వైరసే. పది రోజుల్లో పొక్కులు మాడిపోతాయి, పిల్లకు తలంటు పోస్తాం, అయిపోయిందనుకుంటాం. కానీ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూసల పక్కనుండే నరాల ముడుల్లోకి వెళ్లి నిద్రపోతుంది. నలభై యాభై ఏళ్ల తర్వాత ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు లేచి, నడుము మీదో రొమ్ము మీదో సర్పిగా బయటపడుతుంది.

పశువుల్లో ఐ.బి.ఆర్. వైరస్ కూడా అదే పని చేస్తుంది. ముక్కు దారిన ఒంట్లోకి వస్తే తలలో, పుర్రె అడుగున ఉన్న నరాల ముడిలో దాక్కుంటుంది. జననేంద్రియాల దారిన వస్తే నడుము చివర ఉన్న నరాల ముడుల్లో చేరుతుంది. ఆ పశువు బతికున్నంత కాలం అక్కడే ఉంటుంది. ఈనినప్పుడు, లారీలో దూరం తోలినప్పుడు, మేత చాలక చిక్కిపోయినప్పుడు, స్టెరాయిడ్ సూదులు పొడిచినప్పుడు మళ్లీ లేస్తుంది. అప్పుడు పశువు పైకి బాగానే కనిపిస్తూ ముక్కు నీటిలోనూ, యోని స్రావంలోనూ వైరస్‌ను బయటకు వదులుతుంది. పక్క పశువుకు అంటేది అప్పుడే.

ఈ వైరస్ పశువుల నుంచి మనుషులకు రాదు. ఆ భయం పెట్టుకోవద్దు.

ఈ జబ్బును మొదట అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, పశువులను వందలుగా ఒకే దొడ్డిలో కట్టి మేపే చోట్ల 1950ల్లో గమనించారు. 1956లో వైరస్‌ను విడదీసి చూపించారు. మన దేశంలో 1976లో ఉత్తరప్రదేశ్‌లోని సంకరజాతి దూడల కంటి జబ్బులో బయటపడింది. ఆ తర్వాత ఆవుల్లోనూ గేదెల్లోనూ చాలా రాష్ట్రాల్లో ఉన్నట్టు రక్తపరీక్షల్లో తేలింది. గేదెలకు దీని దగ్గరి బంధువు ఇంకొకటి ఉంది. దాన్ని 1972లో ఆస్ట్రేలియా గేదెల్లో కనుక్కున్నారు. ఇటలీ గేదెల్లో అది కూడా ఈసుకుపోవడానికి కారణమైనట్టు తర్వాత గుర్తించారు.

గాలిలో, ముక్కు నీటిలో, వీర్యంలో

జబ్బు కొత్తగా సోకిన పశువుకు రెండు నుంచి ఆరు రోజుల్లో జ్వరం వస్తుంది. 104 నుంచి 106 డిగ్రీల దాకా పోవచ్చు. ముట్టె, ముక్కు లోపల ఎర్రబడతాయి. ముక్కు నుంచి మొదట నీళ్లు, తర్వాత చిక్కటి చీమిడి కారుతుంది. దగ్గుతుంది. కళ్ల వెంట నీరు కారుతుంది. పాలు ఒక్కసారిగా తగ్గుతాయి. కొన్నిటికి యోని వాచి, లోపల చిన్న చిన్న తెల్లటి పొక్కులు లేస్తాయి. తోక ఎత్తి పెట్టుకుని మాటిమాటికీ ఒంటికి పోస్తుంది.

ఇవన్నీ కనిపిస్తే సంతోషించాలి, ఎందుకంటే చాలా పశువుల్లో ఏవీ కనిపించవు. "రెండు రోజులు జలుబు చేసింది, తగ్గిపోయింది" అనుకునే జబ్బే అది. ఆ జలుబు తగ్గిన మూడు నుంచి ఆరు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, చూడి పోతుంది. అప్పటికి ఆ జలుబు సంగతి మీరు మరిచిపోయి ఉంటారు.

దగ్గరగా కట్టిన పశువుల మధ్య ముక్కు నీటితో, తుమ్ములతో అంటుతుంది. ఒకే కుడితి తొట్టి పెద్ద దారి. ఊరి దున్నపోతుతోనో, ఆబోతుతోనో కట్టిస్తే వీర్యంతో వస్తుంది. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించినా ఈ వైరస్ చావదు. అందుకే ప్రభుత్వ గుర్తింపు ఉన్న వీర్య కేంద్రాల్లో ఆబోతులకూ దున్నలకూ ఐ.బి.ఆర్. పరీక్ష చేస్తారు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని వీర్యంతో సూది వేయించుకోవద్దని చెప్పేది ఇందుకే.

రక్తపరీక్ష ఒక్కటీ చాలదు

"రక్తం తీసి పంపితే తెలిసిపోదా?" అని మీరు అడగవచ్చు. రక్తం తియ్యాలి, అది తప్పదు. కానీ అది చెప్పేది సగం మాటే.

వైరస్ ఒంట్లోకి వచ్చినప్పుడు పశువు దాన్ని ఎదుర్కోవడానికి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఎలిసా అనే పరీక్ష రక్తంలో వాటిని వెతుకుతుంది. బెంగళూరులోని నివేదీ సంస్థ మన దేశంలోనే ఇందుకు కిట్టు తయారు చేసింది. ఆ యాంటీబాడీలు కనిపిస్తే ఈ పశువుకు ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని అర్థం. ఎప్పుడన్నది తెలియదు. నాలుగేళ్ల కిందట సోకి ఉండవచ్చు. ఇప్పుడు ఈసుకుపోవడానికి కారణం పూర్తిగా వేరే ఉండవచ్చు.

మామూలుగా ఇలాంటి జబ్బుల్లో రెండుసార్లు, మూడు వారాల తేడాతో రక్తం తీస్తారు. రెండోసారికి యాంటీబాడీలు బాగా పెరిగితే జబ్బు కొత్తదని తేలుస్తారు. ఐ.బి.ఆర్.లో ఇక్కడ ఒక చిక్కు ఉంది. వైరస్ సోకిన చాలా వారాలకు గానీ దూడ పోదు. అప్పటికే యాంటీబాడీలు పెరగవలసినంతా పెరిగి ఉంటాయి. రెండోసారి చూసినా తేడా కనిపించకపోవచ్చు. పైగా గేదెల్లో ఇందాక చెప్పిన బంధువు వైరస్ సోకినా ఈ రక్తపరీక్షలు చాలావరకు ఒకేలా జవాబు చెబుతాయి.

వైరస్ దూడ కార్జంలోనో, మాయ గుండీల్లోనో దొరికిందనుకోండి. అప్పుడు అనుమానానికి చోటు తక్కువ. దూడను చంపింది అదేనని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

ఏ అవయవాల్లో, ఎలా వెతుకుతారు?

ఈ వైరస్ తల్లి రక్తం ద్వారా మాయను దాటి దూడను పట్టుకుంటుంది. దూడ కడుపులోనే చచ్చిపోతుంది. బయటపడేది ఒకటి రెండు రోజుల తర్వాత. అందుకే చూసేసరికి అది మెత్తబడి, లోపల ఎర్రటి నీరు పట్టి, కుళ్లినట్టు ఉంటుంది. "ఇంత పాడైనదాన్ని ఏం పరీక్ష చేస్తారు" అని పారేయకండి. చేస్తారు.

డాక్టరు దూడను కోసి కార్జం, ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండాలు, వాటి పైన చిక్కుడు గింజంత ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి ముక్కలు తీస్తారు. మాయలో గుండీల్లా ఉండే బొడిపెలను తీస్తారు. దూడ పొట్టలోని ద్రవం తీస్తారు, అది బ్రూసెల్లా కోసం. తల్లి యోనిలోంచి, ముక్కులోంచి దూది పుల్లలతో నమూనా తీసుకుంటారు. తల్లి రక్తం కూడా తీస్తారు.

కార్జం మీద, అడ్రినల్ గ్రంథిలో ఒక్కోసారి ఆవగింజంత తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. వైరస్ కణాలను చంపిన చోట్లు అవి. చాలాసార్లు కంటికి కనబడవు. అందుకని లాబొరేటరీలో నాలుగు దారుల్లో వెతుకుతారు.

మొదటిది పీసీఆర్. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష గుర్తుంది కదా, ఇది ఆ జాతిదే. ఐ.బి.ఆర్. వైరస్‌కు మాత్రమే ఉండే జన్యు పదార్థపు ముక్క ఒకటుంటుంది. నమూనాలో అది ఉంటే దాన్ని లక్షల రెట్లు పెంచి పట్టుకుంటారు. గింజంత కండ చాలు. వైరస్ చచ్చిపోయినా, ముక్క కొంత పాడైనా పట్టుకునే అవకాశం ఉంది. తగిన పీసీఆర్ చేస్తే గేదెల బంధువు వైరస్‌ను కూడా విడిగా గుర్తించవచ్చు.

రెండోది వైరస్‌ను పెంచి చూడటం. ఆవు మూత్రపిండం నుంచి తీసి సీసాల్లో పెంచిన కణాల మీద నమూనా రసం పోస్తారు. వైరస్ బతికి ఉంటే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఆ కణాలు గుండ్రంగా మారి, ద్రాక్షగుత్తుల్లా గుమిగూడి, ఊడిపోతాయి. ఇది గట్టి రుజువు. కాకపోతే వైరస్ ప్రాణంతో చేరాలి. నమూనా ఎండలో మగ్గితే ఈ దారి మూసుకుపోయినట్టే.

మూడోది మెరిసే పరీక్ష. అవయవాన్ని గడ్డకట్టించి కాగితం కన్నా పల్చగా కోసి, ఐ.బి.ఆర్. యాంటీబాడీలకు మెరిసే రంగు కలిపి దాని మీద వేస్తారు. వైరస్ ఉన్న చోట ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది.

నాలుగోది ఫార్మలిన్‌లో వేసిన ముక్కను కోసి, రంగు వేసి చూడటం. కణాలు ఎక్కడ చచ్చాయి, ఎలా చచ్చాయి అన్నది ఇందులో తెలుస్తుంది. బూజు వల్లనో, వేరే క్రిమి వల్లనో పోయి ఉంటే అదీ బయటపడుతుంది.

ప్రతి చోటా నాలుగూ చెయ్యరు. జిల్లాలోని పశువ్యాధి నిర్ధారణ కేంద్రంలో కొన్ని చేసి, మిగతావాటికి పశువైద్య విశ్వవిద్యాలయానికో, పెద్ద సంస్థకో పంపుతారు. ఎక్కడికి పంపాలో డాక్టరు చూసుకుంటారు. నమూనా పాడవకుండా డాక్టరు చేతికి అందేలా చూడటం మాత్రం మీ పని.

డాక్టరు వచ్చేలోగా మీరు చెయ్యవలసింది

మా పక్కూరిలో ఒకామె రెండు సంకరజాతి ఆవులు మేపుతుంది. ఆమె ఆవు ఆరో నెలలో ఈసుకుపోతే పశువైద్యశాలకు ఫోను చేసింది.

"డాక్టరుగారూ, దూడ చచ్చి పడింది. మావాళ్లు పాతిపెడతామంటున్నారు."

"ఇప్పుడే వద్దమ్మా. ఒట్టి చేతుల్తో ముట్టుకోకండి. కవరులో పెట్టి, చుట్టూ ఐసు వెయ్యండి. మధ్యాహ్నానికల్లా నేను వస్తాను."

ఆమె కొడుకు చేపల మార్కెట్‌కు వెళ్లి థర్మోకోలు పెట్టె, ఐసు తెచ్చాడు. ఖర్చు పెద్దగా ఏమీ కాలేదు. ఆమె చేసినట్టే మీరూ చెయ్యవచ్చు.

ఒట్టి చేతులతో దూడను గానీ మాయను గానీ తాకవద్దు. ఐ.బి.ఆర్. మనుషులకు రాదని చెప్పుకున్నాం. కానీ అక్కడున్నది ఐ.బి.ఆర్. అని ఇంకా తేలలేదు కదా. బ్రూసెల్లా అయితే మనిషికి వస్తుంది. వచ్చీ పోయీ జ్వరాలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. గ్లవుజులు లేకపోతే మందపాటి పాలిథిన్ కవర్లు రెండు చేతికి తొడుక్కోండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పక్కకే రానివ్వొద్దు. పిల్లల్నీ, కుక్కల్నీ దూరంగా పెట్టండి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. మాయ పడకపోతే మీరు చెయ్యి పెట్టి లాగవద్దు.

దూడనూ, పడిన మాయనూ విడివిడిగా రెండేసి కవర్లలో పెట్టి మూతులు గట్టిగా కట్టండి. వాటిని థర్మోకోలు పెట్టెలోనో, పాత బకెట్లోనో పెట్టి చుట్టూ ఐసు వెయ్యండి. ఐసు కరిగిన నీళ్లు కవర్లలోకి పోకూడదు. దూడ పెద్దదైతే నీడలో పెట్టి, మీద తడి గోనె కప్పి, ఐసు గడ్డలు పేర్చండి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టకండి. అందులో మనం తినేవి ఉంటాయి.

సున్నం, ఉప్పు, ఫినాయిలు, కిరోసిన్, స్పిరిటు లాంటివి నమూనా మీద వెయ్యవద్దు. వాసన రాకుండా ఉంటుందని చాలామంది చేసే పని ఇదే. దాంతో పరీక్షకు పనికిరాకుండా పోతుంది. ఫార్మలిన్ డాక్టరే తెస్తారు. అందులో వేసే ముక్క వేరు, ఐసులో వెళ్లే ముక్క వేరు. అన్నీ ఫార్మలిన్‌లో పడేస్తే వైరస్‌ను పెంచి చూడటానికి ఏమీ మిగలదు.

నమూనాలు చల్లగా ఉంచి వీలైతే ఆరోజే, లేదంటే మర్నాటికల్లా లాబొరేటరీకి చేరాలి. పశువైద్యశాల దూరమైతే 1962కు ఫోను చెయ్యండి. సంచార పశువైద్య వాహనం కోసం పెట్టిన నంబరు అది.

డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. దాచకుండా చెప్పండి. సూది ఎప్పుడు వేయించారు, లేక ఊరి దున్నతో కట్టించారా? ఎన్నో నెల? ఇదివరకు ఎప్పుడైనా ఈసుకుపోయిందా? గత మూడు నెలల్లో కొత్త పశువును తెచ్చారా? ఏ పశువుకైనా జలుబు, దగ్గు, కంటి నీరు వచ్చిందా? ఏ టీకాలు వేయించారు? ఏ సూదులు పొడిపించారు? చెవి పోగు మీదుండే 12 అంకెల నంబరు చెప్పండి. ఆ నంబరు నమూనా మీద రాయకపోతే ఎవరి పశువుదో లాబొరేటరీకి తెలియదు.

నమూనాలు తీశాక మిగిలినదాన్ని చెరువుకూ బావికీ దూరంగా నాలుగైదు అడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. తడిసిన గడ్డి, పేడ కూడా అందులోనే వెయ్యండి. పాక నేలను బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగండి. ఐ.బి.ఆర్. వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకూ, బ్లీచింగ్‌కూ, ఎండకూ తొందరగా చస్తుంది. చల్లగా తడిగా ఉన్న చోట మాత్రం కొన్నాళ్లు బతుకుతుంది.

ఫలితం వచ్చాక

పక్కూరి ఆమె ఆవు దూడ కార్జంలోనూ, మాయలోనూ ఐ.బి.ఆర్. వైరస్ పీసీఆర్‌లో దొరికింది. బ్రూసెల్లా లేదని తేలింది. డాక్టరు అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. ఈసుకుపోవడానికి ఐదు వారాల ముందు సంతలో ఒక ఆవును కొని తెచ్చారు. వచ్చిన నాలుగో రోజున అది దగ్గింది. రెండూ ఒకే తొట్టిలో కుడితి తాగాయి.

ఐ.బి.ఆర్. అని తేలితే ఏం చెయ్యాలి? వైరస్‌ను ఒంట్లోంచి తీసేసే మందు లేదు. యాంటీబయాటిక్ సూదులు వైరస్‌ను చంపవు. వెనకనే వచ్చే ఇతర క్రిములకు పనికొస్తాయని డాక్టరు అనుకుంటేనే వేస్తారు. అర్హత లేనివాళ్ల చేత "బలం సూది" అని స్టెరాయిడ్లు వేయించకండి. అవి నిద్రపోతున్న వైరస్‌ను లేపుతాయి. చూడి పశువుకు అసలే ప్రమాదం.

అలాగని పశువును వెంటనే వదిలించుకోనక్కర్లేదు. ఒకసారి ఐ.బి.ఆర్. వల్ల ఈసుకుపోయిన పశువు మామూలుగా మళ్లీ చూడి నిలుపుకుంటుంది, ఈనుతుంది, పాలిస్తుంది. దాన్ని మూడు నాలుగు వారాలు విడిగా కట్టండి. మేత, కుడితి తొట్టి వేరుగా పెట్టండి. ముందు మిగతా పశువుల పని చూసుకుని చివరగా దాని దగ్గరకు వెళ్లండి. ఊరి దున్నతో కట్టించవద్దు. పరీక్ష చేసిన వీర్యంతో డాక్టరు చేతనే సూది వేయించండి. మిగతా పశువుల రక్తం పరీక్ష చేయించండి. టీకా సంగతి డాక్టరును అడగండి. టీకా వేసిన పశువు రక్తంలో కూడా యాంటీబాడీలు కనిపిస్తాయి, కాబట్టి పరీక్షకు ముందు వేయించాలా తర్వాతా అన్నది ఆయనే చెప్పాలి.

డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ వంటి దేశాలు పరీక్ష చేసి, వైరస్ ఉన్న పశువులను మందలోంచి తీసేసి ఈ జబ్బును దేశంలోనే లేకుండా చేసుకున్నాయి. ఒకటి రెండు పశువులే ఆధారమైన మన రైతు అలా చెయ్యలేడు. కానీ ఏ పశువులో ఉందో తెలిస్తే మిగతావాటిని కాపాడుకోగలడు.

బ్రూసెల్లా అని తేలితే దారి వేరు. పాలు పొంగించి బాగా మరిగించాకే తాగాలి. ఇంట్లోవాళ్లూ పరీక్ష చేయించుకోవాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్య దూడలకు జీవితంలో ఒకేసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద పశుసంవర్ధక శాఖ వేస్తుంది. ఐ.బి.ఆర్. అనుకుని బ్రూసెల్లాను వదిలేస్తే ఇంటిల్లిపాదికీ ముప్పు.

అన్నిసార్లూ కారణం దొరకదు. అన్ని నమూనాలూ సరిగ్గా పంపినా ఒక్కోసారి "ఏదీ కనబడలేదు" అని వస్తుంది. అప్పుడు కూడా మీరు నష్టపోయినట్టు కాదు. బ్రూసెల్లా లేదని తెలియడం చిన్న మేలు కాదు.

సంతకు తోలేముందు

చివరగా ఒక్క మాట. ఈసుకుపోయిన పశువును చాలామంది మేము చేసినట్టే సంతకు తోలుతారు. కొనేవాడికి చెప్పరు. లారీ ప్రయాణం, కొత్త చోటు, మేత మార్పు. వైరస్ నిద్ర లేవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అది వెళ్లిన పాకలో చూడి గేదె ఉంటే నష్టపోయేది మనలాంటి మరో చిన్న రైతు. రేపు మనం సంతలో కొనే గేదె కూడా అలాంటి పాకలోంచే వస్తుంది.

అందుకని కొత్తగా కొన్న పశువును నేరుగా మందలో కట్టకండి. కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, రక్తం పరీక్ష చేయించండి. చూడి పశువులున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. అమ్మేటప్పుడు ఉన్నమాట చెప్పండి. ధర కొంత తగ్గవచ్చు. మా నాన్న చివరిదాకా ఆ సంత మాట ఎత్తితే లేచి బయటకు వెళ్లిపోయేవాడు. ఆ గేదెకు వచ్చిన నాలుగు రూపాయలు ఎప్పుడో ఖర్చయిపోయాయి.

గుర్తుంచుకోండి

• పశువు ఈసుకుపోతే దూడను, మాయను పారెయ్యకండి. డాక్టరుకు కబురు చెయ్యండి. అందకపోతే 1962.

• ఒట్టి చేతులతో తాకవద్దు. గర్భిణులు, పిల్లలు దూరంగా ఉండాలి.

• రెండు కవర్లలో కట్టి చుట్టూ ఐసు పెట్టండి. సున్నం, ఉప్పు, ఫినాయిలు వెయ్యవద్దు.

• కుళ్లినట్టున్నా పరీక్షకు పనికొస్తుంది.

• తల్లి రక్తం కూడా తీయించండి. మూడు వారాల తర్వాత మరోసారి.

• ఈసుకుపోయిన పశువును, కొత్తగా కొన్న పశువును మూడు నాలుగు వారాలు విడిగా కట్టండి.

• పాలు మరిగించకుండా తాగవద్దు.

మీ పాకలో ఇలాంటి రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం గోనెసంచి వెతక్కండి. ముందు ఫోను తియ్యండి, తర్వాత ఐసు తెప్పించండి.